బొమ్మలు వేయాలంటే ఇల్లు వదులుకోవాలా?

ప్రశ్న: మాది మియాపూర్. పెళ్లికి ముందు మాసబ్‌ట్యాంక్‌లో పెయింటింగ్ చదివాను. పాపకి ఆరేళ్లు. ఆయిల్ కలర్స్ వాసన అత్తయ్యగారికి పడదు. మావారేమో "ఇప్పుడవన్నీ అవసరమా?" అంటారు. వర్జీనియా ఉల్ఫ్, విల్లా కేథర్ నవలలు చదివాక, అన్నీ వదులుకున్నవాళ్లే ఆర్టిస్టులవుతారేమో అనిపిస్తోంది. విడిగా వెళ్లిపోనా, బ్రష్ పక్కన పెట్టేయనా?

జవాబు: రెండూ వద్దమ్మా. కేథర్ నవల 'ద సాంగ్ ఆఫ్ ద లార్క్' (1915)లో గాయని థియా, తల్లి చావుబతుకుల్లో ఉన్నా జర్మనీ నుంచి రాదు. వస్తే పెద్ద పాత్ర పాడే అవకాశం చేజారుతుంది. అది చదివి మీరు బెంగపడటంలో తప్పులేదు. కానీ ఉల్ఫ్ నవల 'టు ద లైట్‌హౌస్' (1927)లో బొమ్మలు వేసే లిలీని ఇంకోసారి చూడండి. బొమ్మలో చెట్టుని మధ్యకి జరపాలని ఆమెకి తట్టింది నలుగురితో కూర్చుని భోంచేస్తున్నప్పుడు. మర్చిపోకూడదని ఉప్పు గిన్నెని టేబుల్‌క్లాత్ మీది పువ్వు దగ్గరికి జరుపుకుంది. పదేళ్ల తర్వాత మళ్లీ ఈజిల్ ముందు నిలబడితే, భార్య పోయిన ఆ ఇంటాయన రామ్సే ఓదార్పు కోసం చుట్టూ తిరుగుతున్నంతసేపూ గీత పడలేదు. ఆయన పిల్లల్ని తీసుకుని పడవ వైపు వెళ్లాకే చెయ్యి సాగింది. ఉల్ఫ్ 1929లో రచయిత్రులకి కావాలన్నది కూడా ఏడాదికి 500 పౌండ్లు, తాళం పడే గది. మీకు కరువైంది ఆ తాళమే.

వాసన గురించి అత్తయ్యగారి మాట కొట్టిపారేయకండి, మూసిన ఫ్లాట్‌లో ఆయిల్ రంగుల్ని పల్చన చేసే టర్పెంటైన్ పాపకీ మంచిది కాదు. కొన్నాళ్లు అక్రిలిక్ వాడండి. ఆరకముందే అయితే బ్రష్‌ని నీళ్లతో కడిగేయొచ్చు, పల్చటి పూత అరగంటలోపే ఆరుతుంది. ప్యాలెట్ మీద రంగు కూడా అంతే త్వరగా గట్టిపడుతుంది కాబట్టి తడి టిష్యూ వేసి, పైన బేకింగ్ పేపర్ పరచుకోండి. ఆయిలే కావాలంటే బాల్కనీలో వేయండి. ఆయిల్ రంగుల్లో ఉండే లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయండి.

మీవారిని "కాస్త సపోర్ట్ చెయ్యండి" అని అడిగితే "చేస్తున్నాగా" అంటారు. "మంగళ, గురువారాలు ఏడు నుంచి తొమ్మిది దాకా పాప అన్నం, హోంవర్క్ మీవి" అనండి. మొదట్లో తలుపు కొడతారు. యూనిఫాం ఎక్కడ, పప్పులో ఉప్పెంత అని. డబ్బు రాని పని ఇంట్లో ఎవరికీ పనిలా కనిపించదు మరి. జ్వరం, దెబ్బ అయితేనే పిలవమని ముందే చెప్పండి. ఒక్కసారి బయటికొచ్చి యూనిఫాం వెతికిచ్చారో, ఇక ఆ వేళ మీది కాదు.

మూడు నెలల తర్వాత కూడా వారానికి ఆ నాలుగు గంటలు దక్కకపోతే, గొడవ బొమ్మల గురించి కాదు. అప్పుడు ఇద్దరూ కలిసి ఫ్యామిలీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి.