మాల వేసుకుంటే తాగుడు మానుతాడా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. మా ఆయన ఏళ్ల నుంచి రోజూ తాగుతాడు. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి, రెండు గుక్కలు పడితేనే ఆగుతాయి. పోయినేడు హనుమాన్ మాల వేసుకొని మందు ఒక్కసారే బంద్ చేశాడు. మూడో రోజు రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెట్టాడు, నన్నూ గుర్తుపట్టలేదు. నియమం తప్పినందుకు అంజన్నకు కోపమొచ్చిందని అత్తమ్మ మాల తీయించింది. ఈసారి మళ్లీ వేసుకుంటానంటున్నాడు. వేయించాలా? అన్నంలో తెలియకుండా కలిపే పొడి ఇస్తామని కూడా ఒకరు అంటున్నారు.

జవాబు: వేయించు చెల్లె. కానీ ముందు డాక్టరుకు చూపించు.

పోయినేడు జరిగింది అంజన్న కోపం కాదు. ఈ మాట మీ అత్తమ్మకు చదివి వినిపించు, పాపం ఆమె ఏడాదిగా ఎంత భయపడుతుందో. రోజూ మందుకు అలవాటుపడిన ఒంటికి అది ఒక్కసారి ఆగితే మొదటి రోజే వణుకు, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, మతి తప్పుతుంది. ప్రాణం పోయే ప్రమాదం ఇది. ఆసుపత్రిలో ఉంచి మందులు, బి1 విటమిన్ ఇచ్చి ఈ నాలుగు రోజులు దాటిస్తారు. వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. ఎక్కడికి పోవాలో తెలియకపోతే తాగుడు మాన్పించే సర్కారు హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు.

ఆ తర్వాత మాల వేయించు. మానసిక వైద్య వార్డులో నర్సుగా పనిచేసినదాన్ని, అయినా మాలను తక్కువ చేసి మాట్లాడను. తాగుబోతు అన్న నోళ్లే 'స్వామీ' అని పిలుస్తాయి. మామూలుగా బెల్టు షాపుకు పోయే టైముకు పూజలో కూర్చుంటాడు, చుట్టూ తోటి స్వాములుంటారు. ఆ మర్యాద, ఆ తోడు ఏ గోలీలోనూ లేవు. మందులు వాడుతున్నాడని గురుస్వామికి ముందే చెప్పండి. గోలీ వేసుకుంటే దీక్ష చెడదు. కడుపు మాడ్చే ఉపవాసాలు మాత్రం ఈసారి వద్దు.

నాకు భయమల్లా 41 రోజులు నిండి కొండగట్టులో మాల తీసే రోజు గురించే. తిరుగుదారిలోనే సీసా పట్టినవాళ్లు ఎందరో. ఆ రోజు నువ్వూ వెంట వెళ్లు, తాగే దోస్తుల బండిలో రానివ్వకు. ఆ వారంలోనే మళ్లీ డాక్టరును కలవండి. మాల తీసినా సాయంత్రం భజన మానొద్దు.

పొడి మాత్రం వద్దే వద్దు. అలాంటి వాటిలో డైసల్ఫిరామ్ అనే, తాగుడు మాన్పించడానికి వాడే మందు కలిపి ఉండొచ్చు. అది లోపలుండగా తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. డాక్టర్లు కూడా దాన్ని మనిషికి చెప్పి, ఒప్పించాకే ఇస్తారు.