నాకు ప్రార్థన రావట్లేదు, నేను వేషధారినా?

ప్రశ్న: మా నాన్నగారికి కిడ్నీలు పాడైతే సంఘమంతా 21 రోజులు ఉపవాస ప్రార్థన చేశారు. అయినా పోయారు. పోయాక పెట్టిన ఆదరణ కూటంలో ఒక పెద్దావిడ "మీ ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువైందమ్మా" అన్నారు. అప్పటినుంచి నిద్ర సరిగా లేదు. శుక్రవారం ఉపవాసం మాత్రం మానలేదు. రాత్రి కుటుంబ ప్రార్థనలో మావారు "నువ్వు చెయ్యి" అంటే ఊరికే పెదాలు కదిపి ఆమెన్ అంటున్నాను. అడిగినా ఇవ్వనప్పుడు ఇక ప్రార్థన ఎందుకు?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ పెద్దావిడ మాట తేల్చేద్దాం. పుట్టుగుడ్డివాణ్ని చూపించి "పాపం వీడిదా, కన్నవాళ్లదా" అని శిష్యులు అడిగితే, ఎవరిదీ కాదన్నారు యేసు ప్రభువు. యోహాను 9వ అధ్యాయం. ఆవిడా చదివే ఉంటారు. అయినా చావింటికొచ్చి లెక్కలు తీసేవాళ్లు మన సంఘాల్లో తక్కువేం లేరు.

సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే, ఈ గిన్నె, అంటే ఈ శ్రమ, తొలగిపోనిమ్మని మూడుసార్లు ప్రార్థించారు. తొలగలేదు. అపొస్తలుడు పౌలు తనను ముల్లులా బాధపెట్టేదాన్ని తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు ఉండిపోయింది, "నా కృప నీకు చాలును" అన్న జవాబు మాత్రం వచ్చింది. వీళ్లకు విశ్వాసం తక్కువని ఎవరూ అనరు కదా! కూటాల్లో లేచి సాక్ష్యం చెప్పేది అడిగింది దొరికినవాళ్లు. దొరకనివాళ్లు వెనక చాపమీద కూర్చుని వింటారు. అలా వినీ వినీ ప్రార్థన అంటే దరఖాస్తు పెట్టడం, మంజూరు కోసం చూడటం అన్నట్టు అయిపోయింది. నా మటుకు, ఉన్నదున్నట్టు దేవుడి ముందు పెట్టడమే ప్రార్థనలో పెద్ద భాగం. కోపం ఉంటే కోపమే. 88వ కీర్తన చూడండి, మొరతో మొదలై చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. చివర్లో స్తుతి లేదు.

పెదాలు మాత్రమే కదిపినావిడ బైబిల్లో ఒకరున్నారు, హన్నా. మందిరంలో మనసులోనే ప్రార్థిస్తుంటే తాగి వచ్చిందనుకున్నాడు యాజకుడు ఏలీ. కానీ హన్నా నటించలేదు. మీరు నటిస్తున్నారు, అదే మిమ్మల్ని ఎక్కువ అలసిపోయేలా చేస్తోంది. కాబట్టి ఈ రాత్రే మీవారితో "కొన్నాళ్లు నన్ను అడగకండి, మీరు చేయండి, నేను పక్కన కూర్చుంటాను" అని చెప్పండి. ఆయన నొచ్చుకుంటే ఒక కీర్తన పైకి చదవండి, చాలు.

శుక్రవారం ఉపవాసం ప్రస్తుతానికి ఆపండి. బదరీవృక్షం కింద చావు కోరుకుని పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకున్నాడాయన. బోధ తర్వాతి సంగతి.

నిద్రలేమి ఇలాగే సాగితే డాక్టరుకి చూపించుకోండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే చేయాలి, మీవారికీ చెప్పాలి. పాస్టరుగారు ఏమనుకుంటారో అన్న టెన్షన్ పెట్టుకోకండి.