డ్రైవింగ్‌లో ఫోన్ మానిపించాలంటే ముందు ఫోన్ చేసేవాళ్లతో మాట్లాడండి

బెంగళూరు ట్రాఫిక్‌లో మీ వారు కారు నడుపుతూ ఫోన్ చూస్తారని, అడిగితే "సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే కదా" అంటారని రాశారు. మేముండేది మారతహళ్లి. మా ఆయన రోజూ సిల్క్ బోర్డ్ మీదుగా ఎలక్ట్రానిక్ సిటీ వెళ్తారు. ఈ గొడవ మా ఇంట్లోనూ చాలాకాలం నడిచింది.

సిగ్నల్ దగ్గర ఫోన్ చూస్తున్నవాళ్లకు పచ్చలైటు పడిన సంగతి వెనకవాడి హారన్ వల్లే తెలుస్తుంది. తలెత్తిన మరుక్షణం బండి కదిలించేస్తారు. ఆలోపు ఎడమ పక్క సందులోంచి బైకులు ముందుకొచ్చేసి ఉంటాయి, ఎవరో ఒకరు ఇంకా రోడ్డు దాటుతూనే ఉంటారు. 2015లో అమెరికాలోని యూటా యూనివర్సిటీ వాళ్లు పరీక్షించి చూస్తే, కారుకి నోటితో ఒక కమాండ్ ఇచ్చాక కూడా డ్రైవర్ ధ్యాస పూర్తిగా రోడ్డు మీదకి రావడానికి కొన్ని సందర్భాల్లో 27 సెకన్ల దాకా పట్టిందట. బ్లూటూత్ ఉంటే ఏం కాదనే ధీమా నాకు నచ్చనిది అందుకే. ముందు లారీ అడ్డమొస్తే పక్కన కూర్చున్న మనిషి మాట ఆపేస్తాడు. ఫోన్‌లో ఉన్నవాళ్లకు లారీ కనపడదు.

జరిమానాతో భయపెట్టి ప్రయోజనం లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత చేత్తో ఫోన్ పట్టుకుని నడిపితే మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా ఫైన్, జైలు శిక్షకూ అవకాశం ఉంది. ఈ సంగతి మా ఆయనకీ తెలుసు. చలాన్ మెసేజ్ వస్తే దాన్ని కూడా డ్రైవింగ్‌లోనే చదివే రకం!

మా ఇంట్లో మార్పు వచ్చింది ఫోన్ చేసేవాళ్ల వైపు నుంచి. కడపలో మా అత్తయ్యగారికి సాయంత్రం అంటే కొడుకు కారులో ఖాళీగా ఉండే టైము. ఇక ఆఫీసువాళ్లయితే "ట్రాఫిక్‌లోంచే జాయిన్ అయిపో" అనడం మామూలే. అత్తయ్యకి నేనే చెప్పాను: "ఇంటికి రాగానే మీ అబ్బాయి చేతే చేయిస్తాను అత్తయ్యా, దారిలో ఉన్నప్పుడు వద్దు." మొదట్లో చిన్నబుచ్చుకున్నారు కానీ ఇప్పుడు, "ఇంకా రాలేదా వాడు?" అని నాకే చేస్తున్నారు. ఆఫీసు విషయం మా ఆయనే చూసుకోవాల్సి వచ్చింది, క్యాలెండర్‌లో ప్రయాణం టైముని బ్లాక్ చేసుకున్నారు. ఒకరిద్దరు గొణిగారు, అంతే.

"అర్జెంట్ అయితే ఎలా?" అని మీవాళ్లు కచ్చితంగా అడుగుతారు. కాల్స్ మోగకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్ సెట్టింగ్స్‌లో, ఒకే నంబర్ వెంటవెంటనే రెండోసారి చేస్తే రింగ్ అయ్యే ఆప్షన్ ఉంటుంది. ఐఫోన్‌లో అయితే మూడు నిమిషాల్లోపు మళ్లీ చేయాలి. అది ఆన్ చేసి ఇంట్లో అందరికీ చెప్పండి. అలా మోగితే ఏ పెట్రోల్ బంకులోకో తిప్పి, ఆపాక మాట్లాడమనండి.

మ్యాప్ అపార్ట్‌మెంట్ గేటు దాటకముందే పెట్టేసుకుని, వాయిస్ ఆన్ చేసుకోవాలి. మీరు పక్కన ఉన్న రోజు ఫోన్ మీ చేతికి తీసుకోండి. ఫ్యామిలీ గ్రూపులో వచ్చినవన్నీ మాత్రం పైకి చదివి వినిపించకండి, దానికంటే ఆయన్నే చూసుకోనివ్వడం నయం అనిపిస్తుంది ఒక్కోసారి.