5 ఎకరాలు, 30 ఆవులు: పేడలోని నైట్రోజన్‌కి లెక్క ఎలా కట్టాలి?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరు దగ్గర దొడ్డబళ్ళాపుర వైపు 5 ఎకరాల్లో 30 హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులు పెట్టుకున్నారు. యూరప్‌లో హెక్టారుకు 170 కిలోలకు మించి పేడ నైట్రోజన్ వేయకూడదని ఎక్కడో చదివారు. ఇక్కడేమో మీ కొట్టం వల్లే తమ బోరులో నైట్రేట్ వచ్చిందని పక్క తోటవాళ్ళు అంటున్నారు. అలాంటి రూల్ మనకీ వస్తే ఆవుల్ని అమ్ముకోవాల్సిందేనా అని మీ టెన్షన్.

మేం హిందూపురం నుంచి వచ్చి దేవనహళ్ళి దగ్గర స్థిరపడ్డవాళ్ళం. మా బావా నేనూ కలిసి డెయిరీ నడుపుతున్నాం. మందకు తగినంత భూమి లేదు కాబట్టి మీ తలనొప్పి మాకూ ఉంది.

పేడా మూత్రంలోని నైట్రోజనే నేలలో నైట్రేట్‌గా మారి, నీళ్ళతో పాటు బోరులోకి దిగుతుంది. ముందు రూల్ సంగతి. 170 కిలోల పరిమితి యూరప్ వాళ్ళు 1991లో తెచ్చిన నైట్రేట్స్ డైరెక్టివ్‌ది. నైట్రేట్ ముప్పు ఉందని గుర్తించిన ప్రాంతాల్లో ఏడాదికి హెక్టారుకు 170 కిలోలు, అంటే మన ఎకరాకి సుమారు 69 కిలోలు. పశువులు మేస్తూ పొలంలో వేసే పేడా మూత్రమూ కూడా ఇందులోకే వస్తాయి. గడ్డి బాగా పెరిగే ఐర్లండ్‌కి 250 దాకా సడలింపు ఉండేది, 2024 నుంచి చాలా ప్రాంతాల్లో 220కి దించారు. నెదర్లాండ్స్‌కి ఉన్న సడలింపు 2026 నుంచి లేదు. టీవీలో చూసిన డచ్ రైతుల ట్రాక్టర్ ఊరేగింపులు వేరే గొడవ లెండి. అది గాల్లోకి పోయే అమ్మోనియా అడవుల మీద, బీడు భూముల మీద పడటం గురించి మొదలైంది. రెండూ కలిపి మాట్లాడేవాళ్ళు ఎక్కువ కాబట్టి చెబుతున్నా.

మన దగ్గర ఎకరాకి ఇన్ని కిలోలు అన్న పరిమితి లేదు. డెయిరీలకు, గోశాలలకు సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) 2020లో ఇచ్చి 2021లో సవరించిన మార్గదర్శకాలు పేడ కాలవల్లోకి వదలకూడదు, ఎక్కడ నిల్వ చేయాలి, కంపోస్టో బయోగ్యాసో చేసుకోండి అన్న దారిలో ఉంటాయి. కానీ తాగునీటికి పరిమితి ఉంది. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ దాటకూడదు. భూగర్భజలంలో నైట్రేట్ ఎక్కువున్న రాష్ట్రాల్లో రాజస్థాన్‌తో పాటు కర్ణాటకా ముందు వరసలోనే ఉంది. కాబట్టి యూరప్ రూల్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీ పక్కవాళ్ళ బోరే మీకు రూల్.

ఇప్పుడు అసలు లెక్క. పేడ ఎన్ని ట్రాలీలని కాదు, నైట్రోజన్ ఎన్ని కిలోలని చూడాలి. మీ ఆవు రోజుకు 13 కిలోల ఎండు మేత (తడి తీసేసిన బరువు) తింటుంది, అందులో ప్రోటీన్ 14 శాతం అనుకుందాం. అంటే 1.82 కిలోల ప్రోటీన్. ప్రోటీన్‌ని 6.25తో భాగిస్తే అందులోని నైట్రోజన్ వస్తుంది, అది 0.29 కిలో. పాలు 12 లీటర్లు, వాటిలో ప్రోటీన్ 3.2 శాతం. పాలకి 6.38తో భాగించాలి, అలా వెళ్ళిపోయే నైట్రోజన్ 0.06 కిలో. మిగతా 0.23 పేడలోనో మూత్రంలోనో బయటికొస్తుంది. ఏడాదికి 84 కిలోలు. ఇంగ్లండ్‌లో 6000 లీటర్ల లోపు పాలిచ్చే ఆవుకి ఏడాదికి 77 కిలోలని, 9000 లీటర్లు దాటితే 115 అని కడతారు. అవి గాలికి పోయింది తీసేశాక వచ్చే అంకెలు కాబట్టి మన 84 వాటికి దూరమేమీ కాదు.

యూరియా బస్తా 45 కిలోలు, అందులో నైట్రోజన్ 46 శాతం, అంటే 20.7 కిలోలు. ఒక్క ఆవు ఏడాదికి నాలుగు బస్తాల యూరియాకి సరిపడా నైట్రోజన్ వదులుతోందన్నమాట. మీ 30 ఆవులకి 120 బస్తాలు. అదంతా మీ 5 ఎకరాల్లోనే వేస్తే ఎకరాకి 24 బస్తాలు. యూరప్ రూల్ ఒప్పుకునేది ఎకరాకి మూడు బస్తాల పైచిలుకు. కొంత అమ్మోనియాగా గాలికి ఎగిరిపోతుంది నిజమే, అయినా ఈ తేడా ఆ దారిన పూడేది కాదు.

ఇక్కడ చాలామంది నేపియర్ పశుగ్రాసం గురించి చెబుతారు. అందులో సీఓ-5 రకం ఎంతైనా లాగేస్తుంది, భయం లేదు అంటారు. సగం నిజం. ఎకరాకి ఏడాదికి 80 టన్నుల పచ్చిగడ్డి కోస్తే రమారమి 200 కిలోల నైట్రోజన్ తీసుకుంటుంది, అంటే ఎకరాకి 69 అన్న యూరప్ రూల్‌కి మూడింతలు. చలికాలంలో గడ్డి పెరగని దేశాల కోసం పెట్టిన అంకె, ఏడాది పొడవునా కోతలు వచ్చే మన నేలకి అలాగే అతకదని నా అభిప్రాయం. కానీ ఆ నేపియర్ ఎక్కడికి పోతోంది? మళ్ళీ మీ ఆవుల కడుపులోకే. తిరిగి పేడయ్యి అదే మడిలో పడుతుంది. తగ్గింది ఏమీ లేదు.

అందుకే మేం గేటు దగ్గర లెక్క కడతాం. లోపలికి వచ్చేది దాణా, చెక్క (గింజల్లో నూనె తీశాక మిగిలే పిండి), కొన్న గడ్డి. బయటికి పోయేవి పాల క్యాన్లు. ఆవుకి రోజుకు 5 కిలోల 20 శాతం ప్రోటీన్ దాణా పెడితే 0.16 కిలో నైట్రోజన్ లోపలికొచ్చింది. పాలతో వెళ్ళింది 0.06. రోజుకు ఆవుకి 0.10 కిలో మీ దగ్గరే ఉండిపోతోంది. 30 ఆవులకి ఏడాదికి వెయ్యి కిలోల పైనే, కొన్న రాగిగడ్డిలోదీ మొక్కజొన్నలోదీ కలపకుండానే. అది ట్రాలీలో బయటికి పోవాలి, లేకపోతే గాలికో బోరుకో పోతుంది. బ్యాంకు పాస్‌బుక్‌లాగా జమా ఖర్చూ రాసుకుంటే నెల తిరిగేసరికి ఎక్కడ తేలిందో కనిపిస్తుంది.

ఈ లెక్క చూస్తే మొదట చేయి వేయాల్సింది పేడ దిబ్బ మీద కాదు, దాణా తొట్టి మీద. మన వైపు అలవాటు ఏంటంటే, దాణా పెట్టాక కూడా ఆవు నీరసంగా ఉందనో, వెన్న శాతం తగ్గిందనో వేరుశనగ చెక్క మీద చెక్క వేస్తారు. కిలో వేరుశనగ చెక్కలో ఉండే నైట్రోజన్ 12 లీటర్ల పాలలో ఉండేదానికి సమానం, ఇంకా కాస్త ఎక్కువే. 12 లీటర్ల ఆవుకి అవసరానికి మించి పెట్టిన ప్రోటీన్ పాలు కాదు, మూత్రంలో యూరియా అవుతుంది. సుమారు 800 గ్రాముల చెక్క తీసేసి అంతే మొక్కజొన్న నూక వేస్తే మేతలో ప్రోటీన్ 14 నుంచి 12 శాతానికి దిగుతుంది. బయటికొచ్చే నైట్రోజన్ ఆవుకి 84 నుంచి 69 కిలోలకి వస్తుంది. 30 ఆవుల మీద 450 కిలోలు, అంటే ఆరున్నర ఎకరాలు కొన్నంత పని. చెక్క ధర కూడా మిగులుతుంది. మా బావ మొదట్లో ఒప్పుకోలేదు, పాలు పడిపోతాయన్నాడు. విడతలవారీగా తగ్గించుకుంటూ వచ్చాం, శక్తి తగ్గకుండా చూసుకుంటే పాలు పడలేదు. ఎక్కువ పాలిచ్చే ఆవులకీ, ఈనిన కొత్తల్లోనూ మాత్రం ఈ కోత పెట్టకండి. అన్నిటికీ ఒకే కొలతతో దాణా పోయడమే మన అసలు రోగం. పాల యూరియా నైట్రోజన్ పరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది. డెసిలీటరుకు 10 నుంచి 14 మిల్లీగ్రాములుంటే సరే, దానికి మించితే ప్రోటీన్ వృథా. సొసైటీలో చూసేది వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘన పదార్థాలు) మాత్రమే, ఇది ల్యాబ్‌లో విడిగా అడగాలి. మేత కూర్పు గురించి సందేహముంటే ఆడుగోడిలో పశు పోషణ మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థే ఉంది. బెంగళూరులో ఉండి ఆ సౌకర్యం వాడుకోనివాళ్ళు బోలెడంతమంది.

రెండోది మూత్రం. పేడకి దిబ్బ ఉంటుంది, అమ్మితే డబ్బొస్తుంది, కాబట్టి దాని మీద అందరికీ శ్రద్ధ. నైట్రోజన్‌లో రమారమి సగం మూత్రంలో ఉంది, దాన్ని మాత్రం పైపు పెట్టి కడిగి మోరీలోకి వదిలేస్తారు. పైగా పేడా మూత్రమూ కలిసి నిలిస్తే గంటల్లోనే అమ్మోనియా లేస్తుంది, పొద్దున కొట్టంలోకి వెళ్ళగానే కళ్ళు మండేది అందుకే. నేలకి వాలు పెట్టి, మూత్రం వెంటనే పక్క కాలవలోంచి ట్యాంకులోకి పోయేలా చేయండి. ముందు పేడ గీకి ఎత్తేసి, తర్వాతే నీళ్ళు కొట్టండి. నీళ్ళు ఎంత తక్కువైతే ట్యాంకు అంత చిన్నది. ఆ నీళ్ళు నేపియర్ మళ్ళకి వంతులవారీగా పారించాలి, ఎప్పుడూ మోటారుకి దగ్గరున్న మడికే కాదు. ఒకే మడికి పోస్తూ పోతే గడ్డిలోనే నైట్రేట్ పేరుకుంటుంది, జొన్న మేతలో అయితే మరీను, ఎండకి వాడి ఉన్నప్పుడు కోసి వేస్తే పశువుకే ప్రమాదం.

బయోగ్యాస్ గురించి ఒక్క మాట. పెట్టుకోండి, వంటకి మంచిదే. కానీ గ్యాసులో పోయేది కార్బన్, నైట్రోజన్ అంతా స్లర్రీలో (పలచటి పేడ ద్రవంలో) అలాగే ఉంటుంది, ఇంకా తొందరగా మొక్కకి అందే రూపంలో, అంటే తొందరగా కొట్టుకుపోయే రూపంలో. ప్లాంట్ పెట్టాం కాబట్టి సమస్య తీరింది అనేవాళ్ళ మాట నమ్మకండి.

మిగిలింది పేడని బయటికి పంపడం. ఇందులో మన వైపు అదృష్టవంతులం. దేవనహళ్ళి పక్కనున్న విజయపుర, శిడ్లఘట్ట పట్టు రైతులకి ఎరువు ఎంతున్నా చాలదు. నీటి పారుదల కింద వీ-1 రకం మల్బరీకి (పట్టు పురుగుల మేత) హెక్టారుకు ఏడాదికి 20 టన్నుల పశువుల ఎరువు, దాని మీద 350 కిలోల నైట్రోజన్ సిఫార్సు. అంటే ఎకరాకి 8 టన్నుల ఎరువు. మీ 30 ఆవుల పేడ ఏడాదికి 300 టన్నుల దాకా వస్తుంది, మాగేసరికి సగమవుతుంది. అది 18, 20 ఎకరాల మల్బరీకి సరిపోతుంది. నలుగురైదుగురు రైతులతో మాట కుదుర్చుకుంటే చాలు. కొమ్మ కత్తిరింపు అయ్యాక వాళ్ళకి ఎరువు కావాలి, కాబట్టి వాళ్ళ తేదీలకి తగ్గట్టు మీ దిబ్బ మాగాలి. పచ్చి పేడ ఇస్తే రెండోసారి రారు. కొందరు డబ్బు బదులు పురుగులు తిని వదిలేసిన మల్బరీ రెమ్మలు ఇస్తామంటారు. ఆవులు ఇష్టంగా తింటాయి, తీసుకోండి, కానీ అందులో ప్రోటీన్ బాగా ఉంటుంది. గేటు పుస్తకంలో జమ వైపు రాయాలి, ఆ మేరకు చెక్క తగ్గించాలి.

ప్రతి ట్రాలీకి తేదీ, సుమారు బరువు, తీసుకున్న రైతు పేరు, సర్వే నంబరు, సంతకం రాయించుకోండి. యూరప్‌లోనూ బయటికి పంపిన ఎరువుకి ఇలాంటి రికార్డు ఉండాల్సిందే. మీ దగ్గరికి పొల్యూషన్ బోర్డు వాళ్ళొచ్చినా, పక్కవాళ్ళు పంచాయితీకి వెళ్ళినా ఆ పుస్తకమే మాట్లాడుతుంది.

ఇంగ్లండ్ ముప్పు ప్రాంతాల్లో ఇసుక కాని నేలల్లో గడ్డి పొలాలకి అక్టోబర్ 15 నుంచి జనవరి 31 దాకా స్లర్రీ వేయడం నిషేధం, ఆవుల స్లర్రీకి ఐదు నెలల నిల్వ చోటు చూపించాలి. వాళ్ళకి చలికాలం ఎలాగో మనకి సెప్టెంబర్, అక్టోబర్ అలాగ. బెంగళూరులో గట్టి వానలు అప్పుడే. ఖాళీ నేలలో అప్పుడు వేసింది వేసినట్టే కిందికి దిగుతుంది. నా మటుకు నేను ఆ రెండు నెలలకి సరిపడా దిబ్బకి చోటు, కింద గచ్చు, పైన రేకులు ఉండాలంటాను. బావికీ బోరుకీ 50 మీటర్ల దూరం అన్న ఇంగ్లండ్ నియమం మనం కూడా పాటించదగ్గదే.

బోరు అంటే గుర్తొచ్చింది, ఇది వెంటనే చూసుకోండి. ఎండిపోయిన బోరు చుట్టూ ఇంకుడు గుంత తవ్వి వాన నీళ్ళు మళ్ళించడం మన దగ్గర మామూలైంది. కప్పు మీది నీళ్ళయితే మంచిదే. కొట్టం ముంగిలి నీళ్ళు కూడా అందులోకే వాలుతుంటే మాత్రం మూత్రాన్ని తిన్నగా రాతి పగుళ్ళలోకి పోస్తున్నట్టే.

పక్కవాళ్ళ నీటి సంగతికొస్తే, గొడవపడేముందు మీ బోరూ వాళ్ళ బోరూ ఒకే రోజు, ఒకే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. మేలో ఒకసారి, వానలయ్యాక నవంబర్‌లో ఒకసారి. కొన్ని రిపోర్టుల్లో నైట్రేట్ అని, కొన్నిట్లో నైట్రేట్-నైట్రోజన్ అని ఉంటుంది. రెండోదానిలో 10 అంటే మొదటిదానిలో సుమారు 44. ఇది చూసుకోక కొట్లాడుకున్నవాళ్ళని చూశాను. చుట్టూ కొత్త లేఅవుట్లు ఉంటే వాటి సెప్టిక్ గుంతలు కూడా అనుమానితులే. నీళ్ళలో 45 దాటితే, వాళ్ళింట్లో నెలల పిల్లలుంటే ఆ నీళ్ళతో పాలపొడి కలపొద్దని ముందే చెప్పండి. కాచితే నైట్రేట్ పోదు, చిక్కబడుతుంది. ఆర్‌ఓ తగ్గిస్తుంది, యూవీ ఫిల్టర్ తగ్గించదు.

ఆవుల్ని అమ్మాలా అన్నదానికి ఇప్పుడే అవునూ కాదూ చెప్పలేను. మీ దాణా బస్తా మీద ప్రోటీన్ శాతం ఎంత రాసుంది, నెలకి ఎన్ని బస్తాలు, చెక్క ఎన్ని కిలోలు, పాలు ఎన్ని లీటర్లు పోస్తున్నారో ఇక్కడే కింద రాయండి. గేటు లెక్క కట్టి, ఎన్ని ట్రాలీలు బయటికి పంపాలో చెబుతాను.