బావి అడుగున గాలి, అడవిలో దూప: కథకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న (దేవరకొండ పాఠకుడు): పాత బావిలో పూడిక తీయడానికి దిగి ముగ్గురు చనిపోయే కథ రాస్తున్నాను. లాంతరు దించి చూసిన పెద్దాయన 'ఆరలేదు, దిగొచ్చు' అంటాడు. మొదటివాడు పడిపోయాక గట్టు మీదివాళ్లు చాలాసేపు వాదించుకుంటారు, ఆ తర్వాత తమ్ముడు దిగుతాడు. ఒకడు పడ్డది చూసి కూడా ఇంకొకడు దిగాడంటే నమ్ముతారా?

జవాబు: దిగడం నమ్ముతారు, నమ్మనిది ఆ వాదననే. ఏళ్లుగా వాడని బావిలో ఆకూ చెత్తా కుళ్లి ఆక్సిజన్‌ను తినేస్తాయి, బరువైన కార్బన్ డయాక్సైడ్ అడుగున నిలుస్తుంది. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ 10 శాతానికి దిగువకు పోతే మనిషి నిమిషం రెండు నిమిషాల్లో కూలిపోతాడు. 6 శాతం లోపైతే నాలుగైదు శ్వాసలు చాలు. అరుపు ఉండదు. పైనుంచి చూసేవాళ్లకు కాలు జారినట్టే కనిపిస్తుంది, అందుకే తమ్ముడు దిగుతాడు. వాడి కళ్లకు గాలి కనపడదు, దెబ్బ తగిలిన అన్న కనపడతాడు. మూడోవాడికి సంగతి అర్థమయ్యే ఉంటుంది. అయినా 'దమ్ము బిగవట్టి గుంజుకొస్త' అంటాడు. 60 కిలోల మనిషిని బురదలోంచి లేపుతూ ఊపిరి బిగబట్టడం ఎవరి వల్లా కాదు, రెండో గుంజుకే నోరు తెరుచుకుంటుంది.

ఆక్సిజన్ అందక నాలుగు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. కాబట్టి గట్టు మీది మాటలు నాలుగైదుకు మించనివ్వకండి. మోకు సంగతి ముందే తేల్చండి. దిగకముందే చంకల కింద కట్టి ఉంటే పైనుంచి ముగ్గురు లాగొచ్చు. పడ్డాక కింద కట్టేదెవరు?

ఇక లాంతరు. ఆక్సిజన్ దాదాపు 16 శాతానికి పడిపోతే దీపం ఆరుతుంది. మీ లాంతరు ఆరలేదంటే పైన చెప్పినంత ఆక్సిజన్ కొరత ఆ బావిలో లేనట్టే, అంతవరకు పెద్దాయన మాట నిజమే, మీ కథలో చంపేది వేరే వాయువు కావాలి. కానీ బావి లోపలి అరుగు మీద డీజిల్ ఇంజన్ నడిపి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ నిలుస్తుంది. దానికి వాసన లేదు, అది దీపాన్ని ఆర్పదు. పెద్దాయన తాతల నాటి పరీక్ష సరిగ్గానే చేశాడు, చావూ వచ్చింది. విషవాయువు వర్ణనలు తగ్గించి ఆ మనిషి మీద ఉండండి, మీ కథ అక్కడుంది.

ప్రశ్న (అచ్చంపేట పాఠకురాలు): మే నెలలో నల్లమలలో దారి తప్పిన ఐదుగురు కూలీలు నాలుగో రోజు నీళ్ల కోసం ఒకర్నొకరు నరుక్కుంటారు. సంపాదకుడు 'అతి' అని తిప్పి పంపాడు. మనుషులు అంతకు దిగజారరా?

జవాబు: దిగజారతారు, కానీ నాలుగో రోజు కాదు. ఎండలో నడిచేవాడికి గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. 60 కిలోల మనిషి 1.2 లీటర్లు కోల్పోతే దూప, చిరాకు. 3 లీటర్లకు తలనొప్పి, కళ్లు తిరగడం. 6 లీటర్లకు మాట తడబాటు, మతి తప్పడం. నీళ్లే లేకుంటే రెండో రోజుకే గొడ్డలి ఎత్తే బలం ఉండదు, నాలుక అంటుకుపోయి మీరు రాసిన ఆ పొడుగు సంభాషణలూ రావు. కొట్లాట పెట్టాలంటే మొదటి సాయంత్రం, చివరి సీసా దగ్గర పెట్టండి. సీసా మేస్త్రీ చేతిలో ఉందా, అడ్వాన్సు బాకీ ఉన్నవాడి చేతిలో ఉందా అన్నదాన్నిబట్టి కథ మారుతుంది.

1884లో మిన్యొనెట్ అనే పడవ మునిగి, నలుగురు చిన్న తెప్పపడవలో మిగిలారు. మూడు వారాలకు దగ్గరపడ్డాక చంపి తిన్నది ఎవర్ని? అందరికన్నా చిన్నవాణ్ని, జబ్బుపడ్డవాణ్ని, వెనక పెళ్లాం పిల్లలు లేనివాణ్ని. ఒకడు ఒప్పుకోలేదని చెప్పాడు, కానీ తినడంలో కలిశాడు. ఇంకోపక్క 1965లో టోంగా దేశపు ఆరుగురు కుర్రాళ్లు నిర్జన ద్వీపంలో చిక్కుకుని, వంతులేసుకుని నిప్పు ఆరకుండా కాపాడుతూ, కాలు విరిగినవాడికి కట్టు కట్టి చూసుకుంటూ, 15 నెలలు కలిసి బతికారు. వాళ్లకు నీళ్లూ తిండీ దొరికాయని మరవకండి. మీ ఐదుగురిలో వెనక ఎవరూ లేనివాడు ఎవడో ముందు తేల్చుకోండి.

ప్రశ్న (నాగర్‌కర్నూల్ పాఠకుడు): నెల రోజులు పస్తున్న నా కథానాయకుడు ఊరు చేరగానే కడుపునిండా అన్నం తిని లేచి నడుస్తాడు. తప్పా?

జవాబు: తప్పే. అన్నాళ్లు మాడిన ఒంట్లోకి ఒక్కసారిగా అన్నం పడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె ఆగొచ్చు. జొన్న జావైనా మొదట్లో కొద్దికొద్దిగానే తాగించండి. పెట్టే చేతులు ఆగవు, ఆపే మనిషిని తిట్టిపోస్తారు. ఆ తిట్లు రాయండి.