బోర్డు మీద ఒక్క నిమిషమే ఉంది, ఆట మాత్రం అవదు

ఈ మధ్యే ఎంఎస్‌కి వచ్చిన మా ఊరి కుర్రాడు మొదటిసారి కాలేజీ ఫుట్‌బాల్‌కి (అమెరికన్ ఫుట్‌బాల్, మన ఫుట్‌బాల్ కాదు) వెళ్లొచ్చి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, బోర్డు మీద నిమిషం పన్నెండు సెకన్లే ఉందని రూమ్మేట్‌ని కారు తీసుకురమ్మన్నాను, వాడు ఇరవై నిమిషాలు నన్ను తిట్టుకుంటూ కూర్చున్నాడు. పైగా రిఫరీ మైకులో ఏదో చెప్పి టైమ్ మార్చేశాడు. అలా ఎలా మారుస్తారు?" అన్నాడు. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడిగేదే కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నా.

ముందు ఇది గుర్తుపెట్టుకోండి, రివ్యూ (నిర్ణయాన్ని వీడియోలో మళ్లీ చూడటం) జరుగుతున్నంతసేపూ గేమ్ క్లాక్, అంటే బోర్డు మీది గడియారం, ఆగే ఉంటుంది. పదిహేనేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు, అంటే లెక్కకి గంట ఆట, కానీ మీ చేతి గడియారంలో మూడున్నర గంటలు పోతుంది. కబడ్డీలో రెయిడ్‌కి 30 సెకన్లు ఉన్నట్టు ఇక్కడ ప్రతి ప్లేకీ (బంతితో చేసే ఒక్కో ప్రయత్నానికీ) వేరే 40 సెకన్ల గడియారం ఉంటుంది, దాన్నీ దీన్నీ కలిపేసుకోకండి. క్రికెట్ డీఆర్ఎస్‌లోలా ఎవరో ఒకరు అడిగితేనే చూస్తారనీ అనుకోకండి. కోచ్ ఛాలెంజ్ చేయొచ్చు, నిజమే, కానీ పైన బూత్‌లో కూర్చున్న రీప్లే అఫీషియల్ ప్రతి ప్లేనీ చూస్తూనే ఉంటాడు, అనుమానం వస్తే తనే ఆపేస్తాడు.

అసలు తిరకాసంతా రివ్యూ అయ్యాక మొదలవుతుంది.

మీ టీమ్ వెనకబడి ఉంది, 22 సెకన్లు మిగిలాయి అనుకోండి. పాస్ వేశారు, బంతి కింద పడిందని మైదానంలో తేల్చారు. బంతి కింద పడితే క్లాక్ ఆగుతుంది కాబట్టి 22 దగ్గర ఆగింది. రివ్యూలో చూస్తే, ఫస్ట్ డౌన్ (కావాల్సిన గజాలు పూర్తవడం) రాలేదు గానీ వాడు పట్టుకున్నాడు, లైను లోపలే పడిపోయాడు. అంటే మొదటే సరిగ్గా తేల్చి ఉంటే క్లాక్ నడుస్తూనే ఉండేది, మీవాళ్లు పరుగున వచ్చి వరసలో నిలబడేసరికి కొన్ని సెకన్లు కరిగిపోయేవి. తప్పుడు నిర్ణయం పుణ్యమా అని ఊరికే ఊపిరి దొరికినట్టే కదా, అందుకని అర్ధభాగం చివర్లో ఇలాంటప్పుడు 10 సెకన్లు కోసేస్తారు. 22 కాస్తా 12 అవుతుంది, రిఫరీ చెయ్యి ఊపగానే అదీ నడవడం మొదలెడుతుంది. టైమౌట్ (ఆట ఆపమని అడిగే అవకాశం) మిగిలి ఉంటే అది వాడుకుని ఆ పది కాపాడుకోవచ్చు. లేకపోతే, మిగిలింది ఎనిమిదే అయితే, ఆట అయిపోయినట్టే. పట్టుకున్నాడని తేలిందని సంబరపడి, వెంటనే ఓడిపోయామని తెలుసుకోవడం కన్నా ఘోరం ఉండదు. నా పక్క సీట్లో పెద్దాయన ఒకసారి టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాడు.

ఇక సెకన్లు వెనక్కి రావడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. 2009 డిసెంబర్ 5, ఇక్కడే డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో బిగ్ 12 అనే కాలేజీ లీగ్ ఫైనల్, టెక్సస్ మీద నెబ్రాస్కా 12-10తో ముందుంది. నేను ఫ్రెండ్ ఇంట్లో టీవీలో చూస్తున్నా. టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) కోల్ట్ మెకాయ్ బంతిని బయటికి విసిరేశాడు, బోర్డు మీద సున్నా పడింది, నెబ్రాస్కావాళ్లు మైదానంలోకి ఉరికారు. అయిపోయిందిలే అని నేను పెరుగన్నం కలుపుకోవడానికి వంటింట్లోకి వెళ్లా. ఈలోగా రివ్యూ చేసి, బంతి బయట తగిలేటప్పటికి ఒక సెకను ఉందని తేల్చి బోర్డు మీద పెట్టించారు. హాల్లోంచి అరుపులు వినపడి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చేసరికి టెక్సస్ కిక్కర్ హంటర్ లారెన్స్ 46 గజాల ఫీల్డ్ గోల్ (బంతిని కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్యకి పంపడం, మూడు పాయింట్లు) కొట్టేశాడు, టెక్సస్ 13-12తో గెలిచింది. ఆ కిక్‌ని ఇప్పటికీ రీప్లేలో చూడాల్సిందే నేను.

కాబట్టి తమ్ముళ్లూ, సున్నా చూసి లేవకండి. రిఫరీ మైకు ఆన్ చేసి ఆట ముగిసిందని చెప్పేదాకా కారు పిలవకండి, ఇంటికి టైమ్ చెప్పకండి. ఒకటో రెండో సెకన్లు తిరిగొస్తే ఒక్క ప్లేకే సరిపోతుంది. బంతిని నేలకి కొట్టి క్లాక్ ఆపి మళ్లీ ఆడాలంటే కనీసం మూడు సెకన్లు ఉండాలి.

ఆ తిరిగొచ్చిన సెకను ఎప్పుడూ మేలే చేస్తుందనీ లేదు. 2013లో ఆబర్న్ మైదానంలో ఆబర్న్, అలబామా ఆట, స్కోరు 28-28, టైమ్ అయిపోయింది. తమ ఆటగాడు ముందే పక్క లైను దాటాడు, అప్పటికి ఒక సెకను ఉందని అలబామా కోచ్ నిక్ సాబన్ పట్టుబట్టాడు, రివ్యూలో ఇచ్చారు. అలబామా 57 గజాల కిక్ వేస్తే అది తక్కువ పడింది, ఆబర్న్ కుర్రాడు క్రిస్ డేవిస్ గోల్ కింద నిలబడి దాన్ని పట్టుకుని మైదానం ఈ చివర నుంచి ఆ చివరిదాకా పరిగెత్తి మ్యాచ్ పట్టుకుపోయాడు. మీ ఆఫీసులో అలబామావాళ్లెవరైనా ఉంటే ఆ సెకను ఊసు మాత్రం ఎత్తకండి, ముఖ్యంగా అప్రైజల్ నెలలో.