బడికి ఫ్యాన్లు కొనిస్తే వ్యాపారికి పన్ను తగ్గుతుందా?

తగ్గదు, విరాళాలకు ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్ ఇచ్చే మినహాయింపు డబ్బుగా ఇచ్చిన విరాళానికే గానీ వస్తువులకు లేదు. ఫ్యాను రెక్కల మీద ఎర్ర రంగుతో దాత పేరు రాయించినా, కొన్న బిల్లు దాచుకున్నా లెక్కలోకి రాదు. నగదైతే 2,000 రూపాయలు దాటకూడదు, చెక్కో యూపీఐయో మేలు.

పరకాలలో 8 లక్షల ఆదాయమున్న కిరాణా వ్యాపారి ఫ్యాన్లకు పెట్టాలనుకున్న 30,000 రూపాయలను 80జి నమోదున్న ట్రస్టుకు చెక్కుగా ఇచ్చాడనుకోండి. విరాళంలో సగానికే మినహాయింపు ఉండే 50 శాతం కోవలో 15,000 ఆదాయంలోంచి తీసేస్తారు. 20 శాతం స్లాబులో, సెస్సుతో కలిపి పన్నులో ఆదా అయ్యేది 3,120 రూపాయలు.

చాలామంది పొరబడేది ఇక్కడే: సగం విరాళం పన్నులోంచి పోతుందనుకుంటారు, పోయేది ఆదాయంలోంచి. పాత పన్ను విధానం ఎంచుకోవాలి, ట్రస్టు నుంచి 10బీఈ అనే విరాళ సర్టిఫికెట్ తప్పక అడిగి తీసుకోవాలి. మామూలు రసీదు ఒక్కటే చాలదు.